జిడ్డు చర్మం మీద మైక్రోబ్లేడింగ్: రెండుసార్లు గీసి, తర్వాత చెరిపి, మళ్ళీ మొదలుపెట్టిన ఒక కేసు

ఈ కేసు రాయడానికి ఆవిడ అనుమతి తీసుకున్నాను. ఊరు, ఉద్యోగం, కొన్ని నెలలు మార్చాను. చర్మం గురించీ, దాని మీద నేను చేసిన పని గురించీ మాత్రం ఏదీ మార్చలేదు, ఎందుకంటే చెప్పాల్సిందంతా అక్కడే ఉంది. కనుబొమల పని చేసేవాళ్ళం పెట్టుకునే ఫొటోల్లో అన్నీ బాగా కుదిరినవే ఉంటాయి, అవి కూడా చేసిన రోజు తీసినవి. నెలన్నర తర్వాత ఆ గీతలు ఎలా ఉన్నాయో చూపించేవాళ్ళు తక్కువ. ఈ కేసులో నా తప్పు ఉంది, అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మైక్రోబ్లేడింగ్ అంటే, సన్నని సూదులు వరుసగా పేర్చిన చిన్న బ్లేడును పెన్నులాంటి పిడికి బిగించి, చర్మం మీద వెంట్రుకంత గాట్లు పెట్టి వాటిలోకి రంగు దింపడం. మెషీన్ ఉండదు, చేతి ఒత్తిడే. పచ్చబొట్టుకు చుట్టమే గానీ లోతు తక్కువ, పైపొర దాటి కింది పొర మొదలయ్యే చోట ఆగాలి. అందుకే ఏడాది, ఏడాదిన్నరలో రంగు చాలావరకు పలచబడుతుంది, మళ్ళీ తాజా చేయించుకోవాలి.

ఆవిడ ఎలా వచ్చారంటే

నలభై దాటిన ఆవిడ. చామనఛాయ, జిడ్డు చర్మం, ముక్కు పక్కన, నుదుటి మధ్యలో రంధ్రాలు కంటికి కనిపించేంత పెద్దవి. కాలేజీ రోజుల నుంచి నెలకు రెండుసార్లు థ్రెడింగ్ చేయించుకునే అలవాటు. కనుబొమ మొదట్లో వెంట్రుకలు పలచగా ఉన్నాయి, చివరి మూడో వంతు దాదాపు ఖాళీ. పొద్దున్నే పెన్సిల్‌తో గీసుకుంటే మధ్యాహ్నానికి చెమటకు చెదిరిపోతోంది. "గేటు దగ్గర పాల ప్యాకెట్ తీసుకోవాలన్నా ముందు పెన్సిల్ పెట్టుకుంటున్నానమ్మా" అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. అందం కోసం వచ్చారనుకునేవాళ్ళలో చాలామంది నిజానికి ఇలాంటి టెన్షన్ దించుకోవడానికే వస్తారు.

ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. సన్నని గీతలు, ఒక్కొక్కటీ విడివిడిగా, అచ్చం వెంట్రుకల్లా. అలాగే కావాలన్నారు. ఆ ఫొటోలో అమ్మాయిది పొడి చర్మం, తెల్లని ఛాయ, అదీ పని అయిన గంటలోపు తీసిన ఫొటో. ఆ విషయం ఆ రోజే చెప్పాను, కానీ ఇప్పుడనిపిస్తోంది, చెప్పాల్సినంత గట్టిగా చెప్పలేదు.

ముందు వెనక్కి పంపాను

కనుబొమ చివరి భాగమే ప్రత్యేకంగా రాలిపోతుంటే నేను రంగు డబ్బా తీయను. థ్రెడింగ్ వల్ల కావచ్చు, వయసు వల్ల కావచ్చు, కానీ థైరాయిడ్ తగ్గినప్పుడు కూడా ముందుగా ఊడేది ఆ చివరి మూడో వంతే. అలసట ఉందా, చలికి తట్టుకోలేకపోతున్నారా, తల దువ్వితే జుట్టు ఎక్కువ వస్తోందా అని అడిగితే మూడింటికీ అవునన్నారు. రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్‌కి చూపించుకుని రమ్మన్నాను. థైరాయిడ్ తగ్గితే పెరిగే హార్మోన్ టీఎస్‌హెచ్ 14 వచ్చింది, మామూలుగా అది దాదాపు 4 దాటకూడదు.

ఎందుకు ఆపానంటే, లోపలి కారణంతో వెంట్రుకలు రాలుతున్నప్పుడు నేను ఈ రోజు ఉన్న వెంట్రుకల్ని చూసి ఆకారం గీస్తే, మందులు పనిచేసి కొత్త వెంట్రుకలు వచ్చాక ఆ ఆకారం సరిపోదు. పైగా థైరాయిడ్ అదుపులో లేకపోతే గాయం మానడం కూడా నెమ్మదిస్తుంది. డాక్టర్ మాత్రలు మొదలుపెట్టారు, 4 నెలలు ఆగాం. ఆవిడ విసుక్కున్నారు, వేరేచోట అదే రోజు చేస్తామన్నారని కూడా అన్నారు. అయినా ఆగారు. 4 నెలల తర్వాత కనుబొమ మొదటి సగంలో కొత్త వెంట్రుకలు బాగానే వచ్చాయి, తోకలో పెద్దగా రాలేదు. ఈ ఒక్క విషయం తర్వాత నన్ను కాపాడింది, దాని దగ్గరికి వస్తాను.

మిగిలిన ప్రశ్నలు అందరికీ అడిగేవే. గర్భం, పాలివ్వడం, షుగర్, రక్తం పలచబడే మాత్రలు, మొటిమలకు వేసుకునే ఐసోట్రెటినాయిన్. గాయం మానితే మచ్చ ఉబ్బే తత్వం ఉందేమో నోటితో అడిగితే చాలామందికి తెలియదు, అందుకే నేను చెవి తమ్మె వెనక్కి తిప్పి కమ్మ కుట్టించుకున్న చోటు చూస్తాను, ఎడమ భుజం మీద చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చ చూస్తాను. ఈవిడకు రెండూ చదునుగా ఉన్నాయి. చెవి వెనక రంగు చుక్క పెట్టి చూశాం, దురద, ఎర్రదనం ఏమీ రాలేదు.

గీతలకు ఒప్పుకున్న రోజు

నాకు ఒక అలవాటు ఉంది. ముఖం కడిగించి, గంట కూర్చోబెట్టి, కనుబొమ మీద పలచని టిష్యూ కాగితం అద్దుతాను. ఈవిడకు అద్దితే బజ్జీల పొట్లం కాగితంలా అవతలి వేలు కనిపించేంత నూనె పీల్చింది. అంటే జవాబు ఆ కాగితం మీదే ఉంది. జిడ్డు చర్మంలో సన్నని గీత నిలవడం కష్టం, మానే కొద్దీ అంచులు విప్పుకుంటాయి. తడి ఎక్కువైన వాకిట్లో ముగ్గు వేస్తే గీత ఎలా ఒళ్ళు విరుచుకుంటుందో అలాగన్నమాట.

మెషీన్‌తో చుక్కలు చుక్కలుగా వేసే పౌడర్ షేడింగ్ మీకు బాగుంటుందన్నాను. "పౌడర్ అద్దినట్టు వద్దమ్మా, వెంట్రుకల్లాగే ఉండాలి" అన్నారు. ఇంట్లో 3 నెలల్లో పెళ్ళి ఉంది. నేను ఒక మధ్యేమార్గం ఆలోచించాను: గీతలు తక్కువ వేద్దాం, ఒక్కొక్కదాని మధ్య చోటు ఎక్కువ వదులుదాం, కాస్త విప్పుకున్నా కలిసిపోవు కదా అని. వినడానికి బాగుంది. నిజానికి ఆవిడ 4 నెలలు ఓపిక పట్టారు, మళ్ళీ కాదనడానికి నాకు మనసు రాలేదు. ఒప్పుకోవడానికి అసలు కారణం అదే, మిగతాది నాకు నేను చెప్పుకున్న నచ్చజెప్పుడు.

కొలతలు తీసేటప్పుడు మనిషిని కూర్చోబెట్టే తీస్తాను, పడుకుంటే ముఖం కండ పక్కలకు జారి ఆకారం మారిపోతుంది. రంగులో తడిపిన దారం పట్టి మొదలు, వంపు, చివర గుర్తులు పెట్టాను. ఈవిడకు మాట్లాడేటప్పుడు కుడి కనుబొమ పైకెత్తే అలవాటు ఉంది, అందుకే కళ్ళు మూసుకుని ఊపిరి వదిలి మళ్ళీ తెరిచాక వచ్చిన ఎత్తునే లెక్కలోకి తీసుకున్నాను. మత్తు క్రీమ్ పెట్టి, తుడిచి, 0.18 మిల్లీమీటర్ల సూదుల బ్లేడుతో మొదలుపెట్టాను.

ఈ పని చేతులతో ఎంతో చెవులతోనూ అంత. చర్మాన్ని మూడు వైపులా బిగలాగి బ్లేడు సరైన లోతులో నడిపితే, మడతపెట్టిన కొత్త పట్టుచీర విప్పేటప్పుడు వచ్చేంత సన్నని చప్పుడు వస్తుంది. ఈవిడ కనుబొమ తోకలో ఆ చప్పుడు చక్కగా వినిపించింది. ముక్కు వైపు మొదట్లో వినిపించలేదు, బ్లేడు మెత్తగా జారింది, తుడిచిన నిమిషానికే మళ్ళీ నిగనిగలాడింది. ఆ తేడాను గమనించాను, కేసు కార్డులో రాశాను కూడా, కానీ దాని అర్థం పట్టించుకోలేదు. పని అయ్యాక అద్దం ఇస్తే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫొటోలో అడిగినవే ఆ గీతలు.

నెలన్నర

మొదటి 3 రోజులు ముదురుగా కనిపిస్తుంది, తర్వాత వారంలో పొట్టు లేస్తుంది, పది పన్నెండు రోజులకు రంగంతా పోయినట్టే ఉంటుంది, 4 వారాలకు మళ్ళీ పైకి తేలుతుంది. ఈ వరస ముందే చెప్పి పంపాను, లేకపోతే పన్నెండో రోజు ఫోన్ చేసి ఏడుస్తారు. జాగ్రత్తలు కూడా చెప్పాను: 10 రోజులు తలంటు వద్దు, పొయ్యి దగ్గర ఆవిరి తగలనివ్వద్దు, ముఖానికి పసుపు, సున్నిపిండి వద్దు, పొట్టు గిల్లవద్దు, జిడ్డు చర్మం కాబట్టి పైన ఏమీ రాయకుండా పొడిగానే మాననివ్వండి అని.

అయిదో రోజు దురద పెడుతుంటే వాళ్ళత్తగారు ప్రేమగా కొబ్బరినూనె రాశారు. రెండు రోజులు వరసగా. ఆవిడ ఏమీ దాచకుండా చెప్పారు.

45వ రోజు వచ్చినప్పుడు చూస్తే కనుబొమ మొదటి సగంలో గీతలు లేవు. బూడిద రంగు మసకలా ఒక మచ్చ ఉంది, అందులో రెండు మూడు చోట్ల గీత ఆనవాలు. తోక దగ్గర మాత్రం గీతలు నిలిచాయి. నేను వెంటనే అన్న మాట, "నూనె రాయడం వల్లే". ఆవిడ తలదించుకున్నారు. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే తప్పు నాది.

కాస్త ఆగి ఆలోచించి ఉంటే అప్పుడే తెలిసేది. నూనె కనుబొమ పొడవునా రాశారు. మొదట్లో ఎంతో, తోకలో అంతే. నూనె వల్లే గీత చెదిరితే రెండు చోట్లా చెదరాలి. తోకలో నిలిచి మొదట్లో చెదిరిందంటే కారణం బయటి నూనె కాదు, చర్మం లోపలి నూనె, పెద్ద రంధ్రాలు. ఏ చోట బ్లేడు చప్పుడు రాలేదని నేనే రాసుకున్నానో సరిగ్గా ఆ చోటే గీత పోయింది. కార్డు నా టేబుల్ మీదే ఉంది, తీసి చదవలేదు.

రెండో తప్పు

కారణం తప్పుగా పట్టుకుంటే వైద్యం కూడా తప్పే అవుతుంది. నూనె వల్ల పోయింది కాబట్టి మళ్ళీ అవే గీతలు వేస్తే ఈసారి నిలుస్తాయనుకున్నాను. ఇంకాస్త గట్టిగా పట్టాలని లోతు ఒక్క పిసరు పెంచాను. పలచబడింది కదా అని రంగు కూడా ఒక మెట్టు ముదురుది, నలుపు పాలు ఎక్కువున్నది తీసుకున్నాను. మూడూ తప్పే, మూడూ ఒకే చోట పడ్డాయి. పని చేస్తున్నప్పుడే మామూలు కన్నా ఎక్కువ రక్తం చెమ్మ వచ్చింది, అది లోతు ఎక్కువైందనడానికి గుర్తు. రక్తం రంగును బయటికి తోసేస్తుంది కూడా.

5 వారాలకు మొదటి సగం నీలం కలిసిన బూడిద రంగుకు తిరిగింది. ఎందుకలా అవుతుందో మన భాషలోనే ఉంది. అమ్మమ్మల చేతుల మీద పొడిపించుకున్నవి నల్లని మసితో వేసినవే, అయినా వాటిని పచ్చబొట్లు అంటాం. నల్లరంగు చర్మం లోతుకు వెళితే పైనున్న చర్మం గుండా చూసే కంటికి అది నీలంగానో పచ్చగానో కనిపిస్తుంది. మన జుట్టు నల్లగా ఉంది కదా, కనుబొమకు నల్లరంగే వేయమని అడిగే ప్రతి ఒక్కరికీ నేను ఈ మాట చెబుతాను. ఈవిడ దగ్గర ఆ సంగతి నేనే మర్చిపోయాను.

పెళ్ళికి ఆవిడ మేకప్ వేసుకుని వెళ్ళారు. పెన్సిల్ నుంచి తప్పించమని వచ్చిన మనిషి కన్సీలర్ కూడా కొనుక్కోవాల్సి వచ్చింది.

చెరపడం

పెళ్ళయిన వారానికి నేనే ఫోన్ చేశాను. "అక్కా, తప్పు నాది, నూనెది కాదు. మీ అత్తగారికి కూడా చెప్పండి. డబ్బులు తీసుకోను, కానీ టైమ్ పడుతుంది" అన్నాను. అప్పటిదాకా మేడమ్ అని పిలిచేదాన్ని, ఆ రోజు నోటికి అక్కా అనే వచ్చింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకెవరి దగ్గరికి వెళ్ళను, నువ్వే చూడు" అన్నారు.

దారులు మూడు. ఒకటి, పైన ఇంకో రంగు వేసి కప్పేయడం. చాలామంది చేసేది అదే, ఎందుకంటే తొందరగా అయిపోతుంది. కానీ నిండిన చర్మంలో మళ్ళీ రంగు నింపితే ఆ రోజు బాగుంటుంది, ఏడాదికి బండగా, గట్టి పట్టీలా తేలుతుంది. వద్దనుకున్నాను.

రెండు, లేజర్. అది చర్మవైద్యుల పని. నేను వాడిన గోధుమరంగులో టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ ఉన్నాయి. ఇవి లేజర్ తగిలితే పోవడానికి బదులు ఒక్కోసారి అక్కడికక్కడే నల్లబడతాయి. డాక్టర్‌తో మాట్లాడాం, ఆయనా ముందు ఇంకో దారి ఉంటే చూడండి, లేజర్ చివరికి పెట్టుకుందాం, చేసినా చిన్న చోట పరీక్షించాకే చేద్దాం అన్నారు.

మూడు, ఉప్పునీటి పద్ధతి. గాఢమైన ఉప్పు ద్రావణాన్ని మెషీన్ సూదితో రంగున్న చోటే చర్మంలోకి పంపితే అది తేమను లాగుతుంది, కట్టిన పొక్కుతో పాటు కొంత రంగు బయటికి వస్తుంది. నెమ్మది, ఒక్కసారికి కొంచెమే పోతుంది, కానీ రంగు ఏదైనా పనిచేస్తుంది. మన ఛాయ చర్మానికి ఇందులోనూ భయం ఉంది, పొక్కు గిల్లితే తెల్లమచ్చో నల్లమచ్చో మిగిలిపోవచ్చు. అందుకే ముందు ఎడమ కనుబొమ దగ్గర బియ్యపు గింజంత చోట చేసి 4 వారాలు ఆగాం. మచ్చ పడలేదు. అప్పుడు మొదటి సగం మీద మాత్రమే, 8 వారాలకు ఒకసారి చొప్పున 3 సార్లు చేశాను. తోకను ముట్టుకోలేదు. ఆ 8 వారాల గడువు తగ్గించమని ఆవిడ ఒకసారి అడిగారు, కాదన్నాను. ఈసారి కాదనడం కష్టమనిపించలేదు.

మూడోసారి తర్వాత నీలం పోయింది. లేత బూడిద నీడ మిగిలింది, అదంతా పోవాల్సిన అవసరం లేదు.

పనిచేసింది

ఇప్పుడు మళ్ళీ కొత్తగా చూశాను. థైరాయిడ్ మందులతో మొదటి సగంలో సొంత వెంట్రుకలు వచ్చాయి కదా, ఇన్నాళ్ళు థ్రెడింగ్ ఆపేయడంతో ఇంకాస్త ఒత్తయ్యాయి. వెంట్రుకలున్న చోట నేను మళ్ళీ వెంట్రుకలు గీయడం దేనికి? అక్కడ లోపించింది వెంట్రుక కాదు, వెంట్రుకల మధ్య కనిపించే ఖాళీ చర్మం. దానికి కాస్త నీడ వేస్తే చాలు. తోకలో వెంట్రుకలు లేవు, కానీ అక్కడ చర్మం పొడి, గీత నిలుస్తుందని ఇన్ని నెలలుగా ఆ తోకే చెబుతోంది.

రెండు పద్ధతులూ కలిపి చేసేటప్పుడు మామూలుగా మొదట్లో గీతలు, తోకలో షేడింగ్ వేస్తారు. నాకు నేర్పించిందీ అదే. ఈవిడకు తిరగేశాను. మొదట్లో మెషీన్‌కు ఒకే ఒక సూది బిగించి, చర్మాన్ని తాకీ తాకనట్టు, మధ్యలో ఖాళీ వదులుతూ చుక్కలు వేశాను. చుక్క కాస్త విప్పుకున్నా మసకే అవుతుంది, మనకు కావాల్సిందీ ఆ మసకే. తోకలో పాత గీతలు వెలిసిన చోట అదే మెషీన్‌తో ఏడెనిమిది సన్నని గీతలు. బ్లేడు తీయలేదు.

రంగు విషయంలో, మిగిలిన బూడిద నీడ మీద నేరుగా గోధుమరంగు వేస్తే అది కూడా బూడిదకే తిరుగుతుంది. అందుకే గోధుమరంగులో నారింజ పాలు కలిపాను. పని అయిన రోజు మొదట్లో కాస్త రాగి రంగు కొట్టింది. ఆవిడ అద్దంలో చూసి భయపడ్డారు, "ఎర్రగా ఉందేంటమ్మా". 4 వారాలు ఆగమన్నాను. మానాక ఆ వెచ్చదనం కింది బూడిదను మింగేసి మామూలు ముదురు గోధుమరంగు మిగిలింది. రెండోసారి ఏమీ ముదురు చేయలేదు, తోకలో 3 గీతలు మాత్రం కలిపాను.

అప్పటి నుంచి నా దగ్గర మారినవి

మొదటి పరిచయం రోజున నేను చూపించే ఫొటోల్లో ఒక్కటి కూడా తాజాది లేదు. అన్నీ 6 వారాలు దాటినవే, జిడ్డు చర్మానివి విడిగా పెట్టాను. ఈవిడ చెదిరిన కనుబొమ ఫొటో, కన్ను కనిపించకుండా కత్తిరించి, ఆవిడ ఒప్పుకున్నాకే, అందులో చేర్చాను. గీతలే కావాలని పట్టుబట్టేవాళ్ళకు అది చూపిస్తే నేను గంట మాట్లాడాల్సిన పని ఉండదు. టిష్యూ మీద నూనె తేలితే బ్లేడు తీయను, అంతే, ఎంత దగ్గర పెళ్ళి ఉన్నా. పెళ్ళికి 3 నెలల లోపు వస్తే అసలు మొదలుపెట్టను, ఎందుకంటే ఏదైనా తేడా వస్తే సరిచేయడానికి ఆ టైమ్ చాలదు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. 45వ రోజు మనిషి వచ్చినప్పుడు ఆవిడ ఏం చేశారని అడిగే ముందు నా కార్డు తీసి చదువుతాను. ఎక్కడ చప్పుడు వచ్చింది, ఎక్కడ రాలేదు, ఎక్కడ రక్తం చెమ్మ తగిలింది, అన్నీ కనుబొమ బొమ్మ మీద గుర్తులు పెట్టి ఉంటాయి. ఇంట్లో నూనె రాశారనో, నీళ్ళు తగిలాయనో వినగానే మన తప్పు అక్కడికి జరుపుకోవడం చాలా తేలిక, అవతలివాళ్ళు కూడా పాపం వెంటనే ఒప్పేసుకుంటారు.

మొన్న 14 నెలల తర్వాత ఆవిడ వచ్చారు. పెన్సిల్ మానేసి ఏడాది దాటింది. వెంట వాళ్ళత్తగారు కూడా ఉన్నారు. ఆవిడ నా ముందు కూర్చుని, కోడలి కనుబొమ మీద వేలు పెట్టి రుద్ది చూసి, "ఇందులో మీరు వేసింది ఎక్కడమ్మా?" అని అడిగారు. తోకలో గీతలు సగానికి పైగా వెలిశాయి, మొదట్లో నీడ ఇంకా ఉంది, రంగు ఎర్రబడలేదు, నీలం తిరగలేదు. ఈసారి ఏమీ వేయలేదు, ఇంకో 4 నెలలు ఆగి రమ్మని కార్డులో రాశాను.